మంచినీళ్ళలో ముంచిన గిటారు డబ్బాలు

ఒక డ్రమ్ము మంచినీళ్ళతో నా కొడుకు ఉద్యోగాన్ని నేను ముంచేసిన కథ ఇది. ముంచేశాను అని మాటవరసకు అనడం లేదు. నిజంగానే ముంచాను. రెండు చేతులతో పట్టుకుని, డ్రమ్ము అడుగుదాకా నొక్కి, బుడగలు ఆగేదాకా వదలకుండా ముంచాను. ప్రేమతోనే ముంచాను, అదే నా నేరం. ఆ ఏడాది నాకు పడినన్ని చీవాట్లు పోర్ట్ బ్లెయిర్ మొత్తం మీద దొంగతనం చేసి దొరికినవాడికి కూడా పడి ఉండవు.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అందుకని నోటితో చెప్పి రాయిస్తున్నాను. కోపంగా చెప్పిన చోట కోపంగానే చదువుకోండి. మెత్తగా చదివితే అది నా కథ కాదు.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ పేట. మా మామగారు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ వల వేశారు. మా ఆయనా ఇక్కడే వల వేశాడు, ఇక్కడే జ్వరమొచ్చి పోయాడు. ఆయన డోంగీ పడవ అమ్మేశాం. నేను చేపల బజారులో గంప ముందు కూర్చుంటాను. ఒక్కడే కొడుకు, సింహాచలం. అప్పన్న స్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టాం. వాడు దాని తలా తోకా కోసేసి సిమ్మీ అని పెట్టుకున్నాడు. సింహమూ పోయింది, కొండా పోయింది. మిగిలినదాన్ని ఫోనులో రాసుకున్నాడు.

పగలు జెట్టీ మీద సంచులు మోసేవాడు. సాయంత్రం గిటారు వాయించేవాడు. మామూలు గిటారైతే నేను నోరెత్తేదాన్ని కాదు. వాడిది కరెంటు గిటారు. ఉత్తినే మీటితే దోమ మోతంత కూడా వినపడదు. దానికి వైరు పెట్టాలి. ఆ వైరు పోయి ఒక డబ్బాలో దూరాలి, ఆ డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి, అక్కణ్ణుంచి మరో డబ్బాలోకి వెళ్ళాలి. ఈ దీవుల్లో రైలు లేదంటారు కానీ మా ఇంట్లో ఉండేది. ఒక చెక్క పలక మీద ఆ డబ్బాలన్నిటినీ వరసగా బిగించి, ఒక్కోదాన్ని కాలితో తొక్కుతూ వాయించేవాడు. వాటిని పెడల్స్ అంటారట. తొక్కే వస్తువుని మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, తను మాత్రం నేల మీద పడుకునే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను ఒకణ్ణి కన్నాను.

"ఏటిరా, ఈ ఎర్ర డబ్బా ఏటి సేస్తాది?" అని ఒకసారి అడిగాను.

"గొంతు బొంగురు సేస్తాదమ్మా."

"ఆ నీలందేటి?"

"అన్నదే మళ్ళీ మళ్ళీ అంటాది."

"మరి ఈ పచ్చది?"

"పెద్ద గుహలో కూకుని వాయించినట్టు వినిపిస్తాది."

"బొంగురు గొంతు, అన్నదే అనడం, గుహలోంచి అరిసినట్టు అరవడం... మీ నాయనమ్మ ఇయ్యన్నీ డబ్బా లేకుండానే సేసీదిరా!"

నవ్వలేదు. గిటారు వాళ్ళకి డబ్బాల మీద జోకులు పడవు. దేవుడి మీద వేసినా ఊరుకుంటారు.

ఇక వాడి వాయింపు గురించి చెప్పాలి. వేగం అంటే వేగం. వాడి వేళ్ళు ఆ తీగల మీద పరిగెడుతుంటే, మనిషి అడుగు విని ఇసుకలో కన్నం వెతుక్కునే ఎండ్రకాయలు గుర్తొచ్చేవి. ఫోనులో టిక్కు టిక్కుమని ఏదో కొట్టుకునేది. దానికంటే ముందు పరిగెత్తాలని వీడు, వీడికంటే ముందు పరిగెత్తాలని అది. మధ్యలో నా తలనొప్పి రెండింటినీ దాటిపోయేది.

"అమ్మా! ఈయేళ రికార్డు కొట్టీసినాను!"

"పాట ఏదిరా?"

"ఇది పాట కాదమ్మా, ఎక్సర్‌సైజు."

"పాటెప్పుడు?"

"ముందు స్పీడు రావాల."

"ఎంత స్పీడు వొస్తే పాట వొస్తాదిరా?"

మళ్ళీ టిక్కు టిక్కు.

ఇలా ఉండగా హేవ్‌లాక్‌ దీవిలో ఒక పెద్ద రిసార్టుకి గిటారు వాయించేవాళ్ళు కావాలని కబురొచ్చింది. డెలానీపూర్‌లో ఒక హాలు తీసుకుని, మేనేజరు సాబ్ అక్కడే కూర్చుని విని ఎంచుకుంటాడట. తిండీ పడకా వాళ్ళదే, నెల జీతం. వాడు ఎగిరాడు, నేనూ ఎగిరాను. నాకు గిటారు మీద ప్రేమ పుట్టి కాదు. సంచులు మోసి మోసి వాడి కుడి భుజం మీద కాయ కాసింది. నిద్రలో ఆ వైపు తిరిగితే మూలిగేవాడు. ఈ ఉద్యోగం వస్తే ఆ సంచులు తప్పుతాయి. నాకు కావలసింది అంతే. ఇది గుర్తుపెట్టుకుని తర్వాత నన్ను తిట్టండి.

ఎంపిక రేపనగా వాడు బీచిలో ఎవరిదో పుట్టినరోజు పార్టీకి వాయించాడు. ఆ సాయంత్రం గాలి అలల్ని పట్టుకుని ఒడ్డు మీదికి విసిరింది. పొద్దున్న లేచి పలక ముందు కూర్చుని ఏ మీట తిప్పినా గరగర, బరబర. వాడి మొహం వాడిపోయింది.

"ఉప్పు పట్టీసింది అమ్మా. సాఫ్ సెయ్యాల. లంబాలైన్ ఎల్లి దోస్తు దగ్గర స్కూటీ తెచ్చుకుని వొస్తాను. వొచ్చి సేస్తాను. నువ్వు ముట్టుకోకు."

ఆ ఆఖరి మాట నాకు వినపడలేదు. అన్నానని వాడంటాడు, అనలేదని నేనంటాను. ఈ రోజుకీ తేలలేదు.

వాడు వెళ్ళాక నేను పలక దగ్గర కూర్చుని ఎర్ర డబ్బా మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పే, సందేహం లేదు. నా ఒళ్ళు ఝల్లుమంది. మీరు చేపలు పట్టే ఇంట్లో పుట్టి ఉంటే మీకూ ఝల్లుమనేది. ఉప్పునీళ్ళు తగిలిన ఇనుముని అలాగే వదిలేస్తే ఏమవుతుందో మా పిల్లలు నడక రాకముందే చూస్తారు. మా ఆయన సముద్రం మీంచి వచ్చి, అన్నం అడగడానికి ముందే డోంగీ ఇంజను విప్పి, మంచినీళ్ళ డ్రమ్ములో నిలబెట్టి కడిగేవాడు. ఆ తర్వాత గుడ్డతో తుడిచి నూనె రాసేవాడు. ఆ ఇంజను మా పెళ్ళినాటిది. ఆయన పోయాక కూడా ఒక్క దెబ్బకి స్టార్టయ్యేది. సముద్రం ముట్టుకున్నదానికి మంచినీళ్ళు, మంచినీళ్ళు ముట్టుకున్నదానికి నూనె. ఇందులో తప్పెక్కడుందో పెద్ద చదువులు చదివినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, వింటాను.

పైగా మంచినీళ్ళంటే ఏమనుకున్నారు? ఎండాకాలంలో మా కుళాయి ఒకరోజు వస్తే మర్నాడు మొహం చాటేస్తుంది. బిందె నీళ్ళ కోసం అక్కాచెల్లెళ్ళు జుట్లు పట్టుకున్న వీధి మాది. అలాంటి వీధిలో, స్నానం మానుకుని దాచిన డ్రమ్ము నీళ్ళు నేను ఆ డబ్బాలకి ఇచ్చాను. నా కడుపున పుట్టినవాడికి కూడా అన్ని నీళ్ళు పోసి ఎప్పుడూ స్నానం చేయించలేదు.

పక్కింటి నరసమ్మ గోడ మీంచి తొంగిచూసింది. బజారులో నా పక్క గంప కూడా తనదే. ప్రపంచంలో నాకు పక్క తప్పని మనిషి.

"ఏటి వదినా, పొద్దున్నే పీతల్ని కడగతన్నావేటి?"

"పీతలు కావే, సిమ్మాచలం సామాను. ఉప్పు పట్టీసిందట."

"అలగయితే బాగా ముంచు. సందుల్లో ఉండిపోతాది."

ఆ మాట నరసమ్మ అన్నదే. తర్వాత వీధిలో విచారణ జరిగినప్పుడు తను ఆ వేళ ఊళ్ళోనే లేనంది.

ముంచాను. బుడగలు వచ్చాయి. లోపలి ఉప్పు బయటికి పోతోందని సంతోషించాను. కొబ్బరిపీచుతో రుద్దాను. మీటల సందుల్లోకి చీపురుపుల్ల పెట్టి తిప్పాను. తుడిచి, ఒక్కోదానికి కొబ్బరినూనె పట్టించాను. చేపలెండబెట్టే వల మంచం మీద అప్పటికే నెత్తళ్ళు పోసి ఉన్నాయి. వాటిని ఒక పక్కకి జరిపి, ఈ డబ్బాల్ని రెండో పక్క వరసగా పేర్చాను. ఎండలో నిగనిగలాడాయి. కాకి వాలితే కర్రతో తోలాను. ఇంతకంటే ఏ తల్లి ఏం చేస్తుంది?

స్కూటీ చప్పుడైంది.

"అమ్మా, నా బోర్డు ఏదీ?"

"ఎండలో ఉంది నాన్నా. నెత్తళ్ళ పక్కన."

వాడు పెరట్లోకి వెళ్ళాడు. వెంటనే బయటికి రాలేదు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను. తర్వాత ఒక కేక వినిపించింది. ఆ కేకలో బొంగురూ ఉంది, గుహా ఉంది, అన్నదే మళ్ళీ మళ్ళీ అనడమూ ఉంది.

"ఏటి సేసినావమ్మా! ఏటి సేసీసినావు! ఏటి సేసీసినావు!"

"కడిగినాను."

"ఏటితో?"

"మంచినీళ్ళతోరా! మురుగునీళ్ళతో కాదు!"

వాడు ఎర్ర డబ్బా ఎత్తి కాలితో కాదు, బొటనవేలితో నొక్కాడు. మీట పక్కనుంచి సన్నగా నీళ్ళు చిమ్మి వాడి చొక్కా మీద పడ్డాయి. కొబ్బరినూనె వాసన, దాని వెనకే నెత్తళ్ళ వాసన.

"ఇదేటి, డోంగీ ఇంజననుకున్నావేటి? లోపల సర్క్యూటుంటాదే!"

"ఇంజన్లో మాత్రం గుడ్డపీలికలుంటాయేటిరా? సముద్రంలో తిరిగే ఇంజనే మంచినీళ్ళకి ఓర్సుకుంటే, పరుపు మీద పడుకునే నీ డబ్బాలకి ఏటొచ్చింది?"

"కరెంటు సామాను ఎవులైనా నీళ్ళలో ముంచుతారేటే?"

"మరి ఉప్పు పట్టిందని నువ్వే అన్నావు కదరా! నా స్నానం నీళ్ళురా అవి!"

వాడు నేల మీద కూర్చుని తల పట్టుకున్నాడు. నేను డ్రమ్ము మీద కూర్చుని తల పట్టుకున్నాను. నరసమ్మ గోడ మీంచి, "అయ్యయ్యో, ముంచకూడదని తెలీదేటి వదినా?" అంది. నా చేతిలో కొబ్బరిపీచు ఉంది. విసిరాను. తగల్లేదు. నా జీవితంలో పశ్చాత్తాపపడే విషయాల్లో అదొకటి.

మధ్యాహ్నం వాడు ఒట్టి గిటారు, ఒక్క వైరు పట్టుకుని ఆటో ఎక్కాడు. నేనూ ఎక్కేశాను. దిగమనలేదు, ఎందుకంటే నాతో మాట్లాడడం లేదు.

డెలానీపూర్ హాల్లో మేనేజరు సాబ్ ఫ్యాను కింద కూర్చుని నిమ్మరసం తాగుతున్నాడు. మావాడితో పాటు ఆ పనికి వచ్చినవాడు ఇంకొక్కడే ఉన్నాడు. జస్టిన్ అని, రాంచీ నుంచి కూలి పనులకి వచ్చినవాళ్ళ మనిషి. తాత కాలం నుంచి ఇక్కడే. హవాయి చెప్పులు, రంగు పోయిన గిటారు, కాస్త బొజ్జ. డబ్బాలు లేవు. నన్ను చూసి, "నమస్తే మౌసీ, బైఠియే," అని తన కుర్చీ ఇచ్చాడు. కుర్చీ ఇచ్చాడు కదా అని నేనేమీ మెత్తబడలేదు. మనసులో వాడి తీగలన్నీ తెగిపోవాలని గంగమ్మ తల్లికి మొక్కుకున్నాను.

ముందు మావాణ్ణి పిలిచారు. వైరు నేరుగా స్పీకరు పెట్టెలో పెట్టాడు. మొదలెట్టాడు. రేకుల కప్పు మీద వడగళ్ళు పడినట్టు తడతడలాడింది. డబ్బాలుంటే ఆ మోతకి ఏదో పొగమంచు కప్పి ఉండేది. ఇప్పుడు పచ్చిగా ఉంది. ఒక్కో మోతా విడివిడిగా వినపడుతోంది. ఏదీ దాని పక్కదానితో మాట్లాడడం లేదు. వేళ్ళు కనపడడం లేదు, అంత వేగం. సాబ్ ఫోను చూసుకున్నాడు. నిమ్మరసంలో గింజ వెతుక్కున్నాడు. చివరికి చెయ్యెత్తాడు.

"బహుత్ తేజ్ హై, భాయ్. గానా కబ్ షురూ హోగా?"

పాట ఎప్పుడు మొదలవుతుందని అడుగుతున్నాడు. మావాడు చెమట తుడుచుకుని అన్నాడు:

"సర్... ఖతం హో గయా."

అయిపోయిందట! హాల్లో ఎవడో దగ్గాడు. దగ్గు కాదని నాకు తెలుసు.

సాబ్ మంచివాడు. పాత పాట ఏదైనా వాయించమన్నాడు, గెస్టులు గొంతు కలపగలిగేది, ఏదైనా సరే అన్నాడు. మావాడు ఒక పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం బాగానే నడిచాడు. రెండో చరణానికి వచ్చేసరికి వేళ్ళకి దురద పుట్టింది. ఎండ్రకాయలు కన్నాల్లోంచి బయటికొచ్చేశాయి. పాట ఒక వైపు, వీడొక వైపు. మళ్ళీ కలుసుకోలేదు.

తర్వాత జస్టిన్ లేచాడు. ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి నాకు ఈ రోజుకీ సిగ్గే. కానీ మొదలెట్టాక చెప్పాలి కదా.

వాడు వాయించింది ఏ పాటో నాకు తెలియదు. ఎప్పుడో రేడియోలో వినే ఉంటాను. తొందర లేదు. ఒక స్వరం మీటి, అది నడిచినంత దూరం నడవనిచ్చి, అప్పుడు రెండోది మీటాడు. ఒకచోట ఆపేశాడు. ఏమీ వాయించలేదు. ఆ ఖాళీలో మా ఆయన వల పట్టుకుని డోంగీ ముక్కు మీద నిలబడ్డ తీరు కళ్ళముందుకొచ్చింది. మిగిలినవాళ్ళు నీటిని చావబాదుతూ విసురుతూనే ఉంటే, ఆయన కదలకుండా నిలబడేవాడు. చూసేవాళ్ళకి విసుగు పుట్టేది. ఆ తర్వాత ఒక్కసారి విసిరితే వల విచ్చుకుంటూ వెళ్ళి నీళ్ళ మీద గుండ్రంగా పడేది. ముక్కు చీదుకున్నాను. గొంతు కలిపానట కూడా. నాకు తెలియదు. పాట అయిపోగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. మామూలుగా కాదు, బజారులో బేరం కుదిరినప్పుడు కొట్టినట్టు కొట్టాను.

హాలంతా నా వైపు తిరిగింది. సాబ్ నవ్వుతూ, "దీదీ, యే ఆప్ కా బేటా హై?" అని, ఇతను మీ అబ్బాయా అన్నట్టు అడిగాడు.

"నహీ సాబ్," అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "మేరా బేటా ఓ హై. జో హార్ గయా."

ఇంకా ఎవరూ గెలిచారని చెప్పలేదండీ! ఓడిపోయినవాడు నావాడని కన్నతల్లినైన నేనే తీర్పు చెప్పేశాను.

జస్టిన్‌ని తీసుకున్నారు. సాబ్ మావాణ్ణి పిలిచి, రెండో గిటారు కూడా కావాలి, నెల తర్వాత మళ్ళీ రా, ఒక్క పాట చాలు, కానీ మొదలు నుంచి చివరిదాకా ఉండాలి అన్నాడు. ఆటో జంగ్లీఘాట్ మలుపు తిరగగానే వాడు అందుకున్నాడు.

"డబ్బాలుంటే నానే గెలిచీవోణ్ణి."

"డబ్బాలుంటే ఆ తడతడే ఇంకా గట్టిగా ఇనపడీది."

"సప్పట్లు కొట్టినావు! ఆడికి! నువ్వు!"

"సేతులు నన్నడిగి కొట్టలేదురా!"

ఆటో అబ్బాయి అద్దంలో నన్ను చూసి, "అప్పా, గొడవ దిగాక పెట్టుకోండి, గుంతలున్నాయి," అన్నాడు.

ఆ మర్నాటి నుంచి నెలరోజులు మా ఇల్లు ఇల్లు కాదు, యుద్ధం. డబ్బాలు బియ్యం సంచిలో కప్పెట్టినా లేవలేదు. ఎర్ర డబ్బా ఒక్కటి మాత్రం అప్పుడప్పుడు ఆయాసంతో ఉన్న ముసలివాడిలా ఈల వేసి ఊరుకునేది. కాబట్టి వాడు వైరు నేరుగా స్పీకరు పెట్టెలో పెట్టి ఒట్టి గిటారు వాయించక తప్పలేదు. నేను గడప మీద కూర్చుని చేపలకి పొలుసు తీస్తూ వింటాను. షరతు ఒక్కటే.

"నా కత్తి నీ పాటతో పాటు నడవాల. నడిస్తే పాస్. లేదంటే మళ్ళీ మొదట్నుంచి."

"ఇదేం పరీక్షే? నీకు మ్యూజిక్ ఏటి తెలుసు?"

"నాకు తెలీదు. కత్తికి తెలుసు."

వాడు ఉరికేవాడు. కత్తి ఆగిపోయేది. "మళ్ళీ," అనేదాన్ని. తిట్టుకుంటూ మళ్ళీ మొదలెట్టేవాడు. గంప దగ్గర కూడా అదే గోల. "మీవోడు నిన్న అదే పాట రాత్రి అన్నం ఏల దాకా వాయించినాడు వదినా, మా ఆయన నిద్దట్లో పాడతన్నాడు," అని నరసమ్మ ఫిర్యాదు చేసింది. ఆ రోజే నాకు మొదటిసారి ఆశ పుట్టింది.

ఒక సాయంత్రం ఎర్రచేపకి పొలుసు తీస్తున్నాను. గిటారు ఆగిపోయింది.

"ఏటిరా, ఆపీసినావు?"

వాడు నన్నే చూస్తున్నాడు. "నువ్వు పాడతన్నావమ్మా."

"నానా? లేదు."

"పాడతన్నావు. సగం నుంచీ."

చేప వైపు చూశాను. పొలుసు మొత్తం అయిపోయి ఉత్త చర్మం మీద కత్తి నడుస్తోంది. వాడు మళ్ళీ మొదటి నుంచి వాయించాడు, నేను చెప్పకుండానే.

రెండోసారి ఎంపికకి నన్ను రానివ్వలేదు.

"నువ్వొద్దు. ఎవులో దారిన పోయీవోడు ఈలేసినా సప్పట్లు కొట్టీస్తావు."

పోనీలే అని ఊరుకున్నాను. చూస్తే వాడు చంకలో ఆ ఎర్ర డబ్బా పెట్టుకుని వెళుతున్నాడు!

"ఒరే, ఆ ఆయాసం డబ్బా ఎందుకురా?"

"నీకు తెలీదమ్మా. దాని సౌండులో ఏదో ఉంది. ఇలాటిది ప్రపంచంలో ఎవుడి దగ్గరా లేదు."

నిజమే, ఉండదు. నెత్తళ్ళ పక్కన ఎండబెట్టిన గిటారు డబ్బా ప్రపంచంలో ఇంకెవరి దగ్గరుంటుంది?

సాయంత్రం వీధి మొదట్లోంచే అరుస్తూ వచ్చాడు. ఉద్యోగం వచ్చింది! వాడి కుడి భుజం పట్టుకుని ఒకటే నిమిరాను. ఆ కాయ ఇక పెరగదు. గంగమ్మ తల్లికి దీపం పెట్టి, వాడి నోట్లో పంచదార పోసి, చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. నెలరోజుల నా కత్తి గురించి ఒక్క మాట వస్తుందని.

"సాబ్ ఏటన్నాడురా?"

"జబర్దస్త్ అన్నాడమ్మా!"

"పాట గురించేటన్నాడు?"

"పాట కాదే, సౌండు! అంతా డబ్బా మహిమ!"

"ఒరే, ఇద్దరం కూకుని నెలరోజులు..."

"అది ప్రాక్టీసమ్మా, అందరూ సేస్తారు. ఇదుగో, ఇది ఇంకెవుడి దగ్గరుంది?" అని ఆ ఎర్ర డబ్బాని ముద్దు పెట్టుకున్నాడు. నన్ను కాదు, డబ్బాని!

సాబ్‌తో పాటు ఎంపికకి వచ్చిన జస్టిన్ మర్నాడు చేపలు కొనడానికి నా గంప దగ్గరకి వచ్చాడు. అడిగేశాను. వాడు ఇటూ అటూ చూసి, గంప మీదికి వంగి మెల్లగా చెప్పాడు.

"మౌసీ, సాబ్ గొంతు కలిపి పాడేశాడు. చాయ్ ఇచ్చేవాడు కూడా పాడాడు. చాలా మంచిగా వాయించాడు మీ సిమ్మీ. ఆంఖ్ బంద్ కర్కే, కళ్ళు మూసుకుని."

"మరి ఆ డబ్బా?"

జస్టిన్ నవ్వాపుకున్నాడు. "డబ్బా కాలి ముందే ఉంది మౌసీ. కానీ తొక్కలేదు. భూల్ గయా. మొదలు నుంచి చివరిదాకా దాన్ని ముట్టుకోనే లేదు."

తొక్కనే లేదట! పాటలో పడి దాని సంగతే మర్చిపోయాడట! ఇంటికొచ్చి ఈ మాట వాడికి చెప్పాను. "జస్టిన్ భయ్యాకి పెడల్స్ గురించి ఏటి తెలుసమ్మా, పాపం," అని జాలిపడ్డాడు. పెట్టె సర్దుకుని హేవ్‌లాక్ పడవ ఎక్కాడు. వెళ్ళిన వారానికే ఊళ్ళోని గిటారు మనుషులందరికీ తన సౌండు రహస్యం ఫోనులో చెప్పేశాడు.

అప్పుడు మొదలైంది అసలు పీడ. గుమ్మం ముందు మనుషులు. లంబాలైన్ నుంచి ఒకడు, డెలానీపూర్ నుంచి ఇంకొకడు. అందరి చేతుల్లోనూ సంచులు, సంచుల్లో డబ్బాలు. ఆవకాయ కొలతలు అడిగినట్టు అడుగుతారండీ! కుళాయి నీళ్ళా, నూతి నీళ్ళా? ఎంతసేపు నానాలి? నూనె పట్టించాక ఎండా, నీడా? నెత్తళ్ళే కావాలా, రొయ్యపొట్టు పక్కన పెట్టినా ఆ సౌండు వస్తుందా? పెరట్లోకి వచ్చి నా డ్రమ్ముకి ఫొటోలు తీసుకున్నవాడు ఒకడు. నా స్నానం నీళ్ళు మళ్ళీ ప్రమాదంలో పడ్డాయి.

ఆఖరికి వచ్చినవాడు బ్యాంకు ఉద్యోగి. కళ్ళజోడు, ఇస్త్రీ చొక్కా. చూడ్డానికి బుద్ధిమంతుడిలా ఉన్నాడు. వీడికి చెబితే అర్థమవుతుందనుకుని చాప వేసి కూర్చోబెట్టాను.

"సూడు బాబూ, నా మాట ఇను. ఒక్క పాట పట్టుకుని నెలరోజులు తిన్నగా వాయించు, సాలు. ఆ డబ్బాలో ఏటీ లేదు. ఆ వేళ మావోడు దాన్ని తొక్కనే లేదు. జస్టిన్ కళ్ళారా సూసినాడు."

అతను కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అంటే, ఆంటీ... తొక్కకపోయినా పనిచేసిందన్నమాట!"

రెండు చేతులూ జోడించి, సంచి నా కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు.

కాబట్టి ఇది చదివేవాళ్ళందరి సాక్షిగా, గంగమ్మ తల్లి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఇక ఈ జన్మలో తీగ ఉన్న ఏ వస్తువునీ కడగను. ఉప్పు పట్టనీ, తుప్పు పట్టనీ, సముద్రమే లేచి వచ్చి ఇంట్లో కూర్చోనీ, నా చెయ్యి కదలదు. వచ్చే జన్మలో గిటారు వాయించేవాడికి తల్లిగా పుడితే ఆ జన్మకి కూడా ఇదే ఒట్టు చెల్లుతుంది. ఆ బ్యాంకు అబ్బాయి సంచి ఇంకా గుమ్మంలోనే ఉంది. ఆదివారంలోగా వచ్చి పట్టుకుపోతే మర్యాద. లేదంటే సోమవారం దాన్ని నెత్తళ్ళలో కలిపేసి తూకానికి అమ్మేస్తాను.